మూడొందల వాట్ల హీటర్

తలుపు తీస్తూనే ఆవలించింది. ఉదయం తొమ్మిదైంది. వాన పడుతోంది. నా చేతిలో ఇరవై కిలోల ఉప్పు బకెట్టు, భుజం మీద పైపుల చుట్ట. ఆ ఆవలింత పూర్తయ్యేదాకా గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాను.

"బెల్లు ఒక్కసారి కొడితే చాలు," అంది చివరికి.

"మూడోసారికి కదండీ తీశారు?"

"మొదటిసారికే లేచాను. నడిచి రావద్దూ?"

బారెడు పొద్దెక్కేదాకా పడుకోవడం, పైగా మనమీదే ఎగరడం! ఆ రోజే మనసులో ఆమెకి 'ఆవలింతలమ్మాయి' అని పేరు పెట్టేశాను.

ఇళ్ళలో పెంచే సముద్రపు చేపల తొట్లకి నీళ్ళు మార్చడం నా పని. వినడానికి బాగానే ఉంటుంది, చేసేవాడి నడుముని అడగాలి. ఆ ఇంట్లోది ఎనిమిది వందల లీటర్ల తొట్టి. వారానికోసారి రెండొందల లీటర్లు తీసేసి కొత్త నీళ్ళు పొయ్యాలి. కుళాయి నీళ్ళు అలాగే పోస్తే కుదరదు. పెద్ద డ్రమ్ములో ఉప్పు కలిపి, తొట్టిలో ఉన్నట్టే ఇరవయ్యారు డిగ్రీలకి వేడి చేసి, అప్పుడు పొయ్యాలి. చల్లటి నీళ్ళు పోశామా, పగడాలు ముడుచుకుపోతాయి, చేపలు మూలకి నక్కుతాయి, ఇంటాయన నన్ను చంపేస్తాడు.

ఇంటాయనంటే ఆమె తండ్రి. పన్నెండేళ్ళు ఈ చాకిరీ అంతా ఒక్కడే చేసుకున్న మనిషి. వెన్నుకి ఆపరేషనైంది, బరువులు ముట్టుకోకూడదన్నారు. చూస్తూ ఊరుకునే రకం కాదు.

"అబ్బాయ్, ఆ పైపు ఇలా ఇవ్వు."

"నాన్నా!" కుర్చీలోంచి కేక. "చెయ్యి వెనక్కి తియ్యి. పోయిన నెల నేనట్లా కునుకు తీశానో లేదో, డ్రమ్ము లేపబోయాడండీ ఈయన."

అందుకని నేను పని ముగించి వెళ్ళేదాకా ఆమె ఆ కుర్చీలో కాపలా.

మొదటి వారం నా పెద్ద హీటర్లు రెండూ నిజంగానే వేరే ఇంట్లో ఉండిపోయాయి. ఉన్న చిన్నదే వేశాను, మూడొందల వాట్లది. వానాకాలపు కుళాయి నీళ్ళు, పద్దెనిమిది డిగ్రీలున్నాయి. ఇరవయ్యారుకి రావడానికి ఆరు గంటలు పట్టింది. డ్రమ్ము పక్కన గోడకానుకుని నిలబడితే ఆమె చూసి, "కూర్చోండి," అంది.

అంతే. పద్నాలుగు ఇళ్ళకి తిరుగుతాను. ఒళ్ళు హూనమై, ఉప్పుకి చేతులు పగిలి, ఇంటికెళ్ళి గోడల్ని పలకరించే మనిషిని. కూర్చోండి అన్న ఇల్లు అదొక్కటే.

రెండో వారం పెద్ద హీటర్లు వ్యాన్‌లోనే ఉన్నాయి. తియ్యలేదు. తప్పని తెలుసు. ఈ ఇంటి కోసం గురువారం మిగతా పనులన్నీ వేరే రోజులకి తోసేసి, ఆ రోజుల్లో ఇంకా అలిసిపోయాను. అయినా మూడోవారమూ తియ్యలేదు. వారం మొత్తమ్మీద నాకు దక్కేవి ఆ ఆరు గంటలే.

"ఎంతైంది?" అనేది అరగంటకోసారి.

"పందొమ్మిదిన్నర."

"ఇందాకా అంతే అన్నారు!"

"మీ ఇంటి నీళ్ళకి మీ లక్షణాలే వచ్చాయండి. లేవడానికి బద్ధకం."

నవ్వేది. నవ్వుతూ నవ్వుతూనే ఆవలించేది. ఒకరోజు కనుబొమ్మ మీద తెల్లగా ఏదో ఉంటే, "పౌడర్ ఎక్కువైనట్టుంది," అన్నాను. "మీ చొక్కా నిండా ఉప్పుంది, నేనేమైనా అన్నానా?" అంటూ తుడుచుకుంది. ఆ వేళ్ళ వంకే చూస్తూ డ్రమ్ములో నీళ్ళు కలియతిప్పే పంపు ఆన్ చెయ్యడం మర్చిపోయాను. పైన నీళ్ళు వేడిగా, అడుగున చల్లగా ఉండిపోయి, ఇంకో గంట పట్టింది. నాకేమీ బాధ కలగలేదు.

ఏడో వారం తలుపు తీసినప్పుడు ఆవలించలేదు.

డ్రమ్ములో చిన్న హీటర్ వేస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నిన్న హీటర్ కొందామని షాపుకెళ్ళాను. మీకు ఇద్దామని. పాపం, చిన్నదానితో అవస్థ పడుతున్నారు కదా."

నేను హీటర్ వైరుకి లేని చిక్కులు తియ్యడం మొదలుపెట్టాను.

"ఎవరికమ్మా అన్నాడు షాపాయన. మీ పేరు చెప్పాను. 'ఆయన దగ్గర ఐదొందల వాట్లవి రెండున్నాయిగా, పోయినేడు నా దగ్గరే తీసుకున్నాడు' అన్నాడు."

నేను చిన్న హీటర్‌ని డ్రమ్ములోంచి పైకి తీశాను.

"రెండొందల లీటర్లు, ఎనిమిది డిగ్రీలు. ఆ రెండూ వేస్తే రెండు గంటలు కూడా పట్టదు. పిండి కలిపే నీళ్ళకి రోజూ మేం వేసే లెక్కేగా ఇది."

"పిండా?"

"బేకరీలో పని చేస్తానండీ. రాత్రి పన్నెండుకి వెళ్ళి పొద్దున ఎనిమిదింటికి వస్తాను. మీరు బెల్లు కొట్టేసరికి నేనింకా పడుకోనే లేదు. లేవడానికి బద్ధకమని నవ్వారు, గుర్తుందా?"

కనుబొమ్మ మీది తెలుపు ఏమిటో అప్పుడు తెలిసింది. వారం వారం ఆ కుర్చీలో ఆమె కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నది, నేను దొంగిలించిన గంటల్లోనన్నమాట. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎందుకు చేశారు?" అంది. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది.

"నీళ్ళు తొందరగా వేడెక్కితే వెళ్ళిపోవాలి కదండీ. ఇక్కడ కూర్చోమంటారు. మీరు నవ్వుతారు. నాకు మీరంటే ఇష్టం. మీ నిద్ర తింటున్నానని తెలీదు. తెలిస్తే ఎప్పుడో చెప్పేసి, తిట్లేవో అప్పుడే తినేవాణ్ణి."

ఆమె ఏదో అనబోయేలోపు పెద్దాయన దగ్గాడు.

"నాకు రెండోవారమే తెలుసు."

"నాన్నా!"

"పన్నెండేళ్ళు కాచాను ఆ నీళ్ళు. ఆ చిన్న హీటర్ చూస్తే తెలీదా నాకు?"

"మరి చెప్పవేం?"

"పని నుంచొచ్చి నేను పలకరిస్తే కసురుతావు. ఇతనొచ్చిన రోజు నవ్వుతావు. ఆ నవ్వు చూసుకున్నానే గానీ నీ నిద్ర సంగతి ఆలోచించలేదు తల్లీ. అది నా తప్పే." కూతురి వైపు తిరిగి, "అయినా, ఇతనికి హీటర్ కొనాలని నిద్ర మానుకుని షాపుకెళ్ళిందెవరో కూడా చెప్పు," అన్నాడు.

ఆమె ముఖం ఎర్రబడింది. నా వంక చూడకుండా, "వెళ్ళి పెద్దవి తెండి," అంది.

తెచ్చాను. గంటా యాభై నిమిషాలు. ఎంతైందని ఆమె ఒక్కసారీ అడగలేదు. పెద్దాయన కూడా పైపు జోలికి రాలేదు. నీళ్ళు పోశాను. చేపలు ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాయి. నేను పైపులు చుట్టుకున్నాను. ఇంత నీరసం ఏ మెట్లెక్కినా రాలేదు నాకు.

"వచ్చేవారం వేరే ఎవర్నైనా పంపమంటారా?" అన్నాను గుమ్మం దగ్గర.

"నాన్న ఇంకొకళ్ళని తొట్టి ముట్టుకోనివ్వడు. మీరే రండి. పెద్దవి వేసి, పోసి, వెళ్ళిపోండి. నాన్న బరువులెత్తకుండా మీరే చూసుకోండి. నేను లోపల పడుకుని ఉంటాను."

"అలాగేనండీ."

న్యాయమైన మాటే. బకెట్టు తీసుకుని నాలుగు మెట్లు దిగాను.

"ఇదిగో!"

ఆమె గుమ్మంలోనే ఉంది. తలుపుకి తల ఆనించి, కళ్ళు సగం మూసుకుని.

"ఆదివారం నాకు సెలవు. మధ్యాహ్నం దాకా నిద్రపోతాను. సాయంత్రం రండి."

"ఆదివారమా? ఏం పనుందండీ?"

"పనేమీ లేదు. బకెట్లూ పైపులూ వద్దు. ఉత్త చేతుల్తో రండి." ఆవలింతని చేత్తో ఆపుకుంది. "నిద్ర చాలిన రోజు నేనెలా ఉంటానో మీరింకా చూడలేదు కదా."