పదిహేడో అంగుళం

"చూడండీ, ఈ కుట్టు కనిపిస్తోందా?"

లెక్కల టీచరు బ్యాగులోంచి స్కేలు తీసి, బస్సు సీటు మధ్యలో ఉన్న కుట్టు మీద నిలువుగా పెట్టింది. ఇవతల ఆమె, అవతల అప్పుడే ఎక్కి కూర్చున్న అతను.

"ఇది బోర్డర్. మరి మీ వేలు దీని మీద ఏం చేస్తోంది?"

అతను చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నాడు. "సారీ అండీ. దారం వదులైందేమోనని చూశా. ఈ కుట్టు నేను వేసిందే."

"ఓహో! ఇంకాసేపుంటే బస్సు కూడా నాదే అంటారు."

నిజానికి అతనిది బస్సుల వర్క్‌షాప్‌లో సీట్లు కుట్టే పని. అక్కడ అందరూ సీట్ల డాక్టరనే పిలుస్తారు. తన చేతిపనిని అనుమానిస్తే ఊరుకునే రకం కాదు.

"సీటు ముప్ఫై నాలుగు అంగుళాలు. కుట్టు సరిగ్గా పదిహేడో అంగుళం మీద ఉంటుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇక్కడే దిగిపోతా. కొలవండి!"

ఆమె కొలిచింది. అడుగు స్కేలు రెండుసార్లు పెడితే తన వైపు పన్నెండు, అయిదు, మొత్తం పదిహేడు. అతను లేచి నిలబడితే అటు కూడా కొలిచింది. పన్నెండు, అయిదు. వచ్చిన నవ్వు కనబడకుండా కిటికీ వైపు తిరిగింది. కాళ్ళు చాపుకుని మీదకొచ్చే ప్రతి మగాడికీ ఏడాదిగా ఆమె చూపిస్తున్న గీత ఇదే మరి!

ఆనాటి నుంచి ఎనిమిదింటి బస్సులో ఆ సీటు వాళ్ళిద్దరిదీ అయింది. మాటలు గీత దాటేవి. మోకాళ్ళు మాత్రం దాటేవి కావు.

ఒక వానరోజు అతను దిగాలుగా ఎక్కాడు.

"ఏమైంది డాక్టరుగారూ, పేషెంటు పోయాడా?"

"పోయేలా ఉన్నాడు. కొత్త సీట్లకి మధ్య కుట్టు వద్దన్నాడు మా ఫోర్‌మన్. డ్రాయింగులో లేదట, టైం దండగట. 'నీ గీత ఎవడిక్కావాలయ్యా? కాకిపిల్ల కాకికి ముద్దు' అన్నాడు." అతని గొంతు తగ్గింది. "సీటు ఖాళీగా ఉన్నా మా అమ్మ గంటసేపు నిలబడే ఇంటికొచ్చేదండీ, పక్కవాళ్ళు మీద పడతారని. అందుకే ఈ కుట్టు మొదలెట్టా. అది చెబుదామంటే నోరు పెగల్లేదు."

ఇన్నాళ్ళూ తన ధైర్యమే అనుకున్నదాంట్లో సగం ఈ మనిషి దారమని తెలిసి ఆమె గుండె నిండిపోయింది.

"నోరు నాకుందిగా," అంది.

మర్నాడు వర్క్‌షాప్‌కి వెళ్ళి, ఫోర్‌మన్‌ని కుట్టులేని కొత్త సీటులో కూర్చోబెట్టింది. పక్కన సీట్ల డాక్టర్ని.

"కాళ్ళు చాపండి డాక్టరుగారూ. ఇంకా. సిగ్గుపడకండి!"

ఫోర్‌మన్ జరిగాడు. ఇంకాస్త జరిగాడు. చివరికి సీటు అంచున వేలాడుతూ అరిచాడు. "ఏంటమ్మా ఇది! వీడు నా చోట్లోకి వచ్చేస్తున్నాడు!"

"మీ చోటా? ఎక్కడిదాకా సార్? చూపించండి."

ఆయన రెక్సిన్ మీద వేలు అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ ఆపాలో తెలియలేదు. మిషన్ల దగ్గరివాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"వెయ్యవయ్యా నీ గీత," అన్నాడు, నవ్వాపుకోలేక. "డ్రాయింగులో నేనే ఎక్కిస్తా."

కొత్త బస్సు తిరిగిన తొలిరోజు అతను తల్లిని తీసుకొచ్చాడు. ఆవిడ ముందు సీటులో నిండుగా, వెనక్కి ఆనుకుని కూర్చుంది. అది చూసి అతని కళ్ళు చెమర్చాయి. వెనక సీటులో టీచరు, పక్కన అతను, మధ్య కొత్త కుట్టు.

"టీచరుగారూ, బోర్డర్ మీద చెయ్యి పెట్టొచ్చా?"

"ఎన్నాళ్ళు?"

"రిటైరయ్యేదాకా. ఆ తర్వాత కూడా."

"అడిగారు కాబట్టి సరే," అంటూ ముందు తనే చెయ్యి పెట్టింది.

ముందు సీటులో ఆవిడ పక్కామెతో గొప్పగా చెబుతోంది. "ఈ మధ్య కుట్టుందే, మావాడు వేసిందే! అదిగో, వాడే."

వెనక్కి తిరిగి చూపించబోయి, గీత మీద రెండు చేతులు చూసింది.

"ఆ పక్కన కూర్చున్నది మా కోడలు," అంది, బస్సంతా వినేలా.