తిరగబడిన ట్రాన్సిస్టర్

"జామర్ వ్యాన్ రాదు. కర్నూలు దాటాక ఇంజన్ సీజ్ అయింది. మీ దగ్గర ఏముంది?" శాటిలైట్ ఫోన్‌లో చీఫ్ రాఘవేంద్రప్రసాద్ గొంతు.

ఏజెంట్ వేణుగోపాల్ తన ఒళ్లో ఉన్న అట్టపెట్టె వైపు చూశాడు. స్కూలు పిల్లలకని కడప బజారులో అమ్మే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కిట్.

"ఒక ఆటబొమ్మ ఉంది సార్."

"దాంతోనే కానివ్వండి."

అది 2004. గండికోట బయట సుబ్బరత్నమ్మ టీ హోటల్లో వేణుగోపాల్ రేడియో మెకానిక్ వేషంలో కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా వేస్తున్న వేషాల్లో ఇదొకటి. నడుము నొప్పి మాత్రం అసలుది.

లోపల ఒక రాకెట్ సైంటిస్ట్ కోట చూస్తున్నాడు. ఆయన కోసం విదేశీ ముఠా కోటలో ఎక్కడో బాంబు పెట్టింది. రిమోట్ వాళ్ల కిరాయి మనిషి దాసన్న చేతిలో ఉంది. గోడ మీద కూర్చున్న అతణ్ణి మఫ్టీ పోలీసులు చూస్తూనే ఉన్నారు. దగ్గరకు పోతే నొక్కేస్తాడు. సైంటిస్ట్‌ను వెనక్కి పిలిచినా నొక్కేస్తాడు. లేకుంటే ఆయన పెన్న లోయ అంచుకు చేరగానే నొక్కుతాడు. ఆలోగా అదే ఫ్రీక్వెన్సీలో మరో సిగ్నల్ పంపి రిమోట్ సిగ్నల్‌ను ముంచేయాలి.

నల్లకళ్లద్దాల స్త్రీ ఎదుటి బెంచీ మీద కూర్చుంది.

"కమలాపురం బస్సు పోయిందా?"

"పోయింది. డ్రైవరే మిగిలినాడు."

కోడ్ సరిపోయింది. ఆమె పద్మప్రియ. ముఠాలో ఉంటూ వాళ్ల రహస్యాలు ఇటు అమ్మే డబుల్ ఏజెంట్. ఫ్రీక్వెన్సీ చెప్పి, కిట్‌ను దానికి తగ్గట్టు ఎలా మార్చాలో గీసిన డయాగ్రామ్ ఇచ్చింది.

అతను ప్లగ్ పెట్టేసరికి కరెంటు పోయింది. సోల్డరింగ్ ఐరన్ మొన పొయ్యి నిప్పుల్లో పెడతానని సుబ్బరత్నమ్మను అడిగాడు.

"పెట్టుకోప్పా. పాలు మాత్రం పొంగనీయొద్దు," అందామె.

చత్వారం కళ్లకు కిట్ బోర్డులోని రంధ్రాలు కనిపించడం లేదు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, కాయిల్, చివరికి మూడు కాళ్ల ట్రాన్సిస్టర్. నిప్పుల్లో కాల్చడం, సీసం కరిగించడం, చల్లారితే మళ్లీ పొయ్యి దగ్గరకు లేవడం. పొగ కళ్లలో పడింది. బ్యాటరీ తగిలించి, చిన్న రేడియోను ఆ ఫ్రీక్వెన్సీ మీద పెట్టాడు. రేడియో బుసకొట్టింది. ట్రాన్స్‌మిటర్ పనిచేస్తే ఆ బుస ఆగాలి.

ఆగలేదు.

అతుకులన్నీ మళ్లీ కాల్చాడు. అదే బుస. అంతలో స్కూలు బస్సు ఆగింది. యూనిఫామ్ పిల్లలు కోట గేటులోకి పరుగెత్తారు.

పద్మప్రియ కళ్లద్దాలు తీసింది. ఎర్రబడిన కళ్లు. ఎన్నాళ్లుగానో నిద్ర లేనట్టుంది.

"ట్రాన్సిస్టర్ తిప్పి పెట్టండి సార్," అంది. "కాళ్లు తారుమారు చేసి గీసినా. వాళ్లు చెప్పినట్టే."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

"ఇప్పుడెందుకు చెప్తాండావు?"

"పిల్లలొస్తారని వాళ్లు నాకు చెప్పల్యా. ఇంక నా చేత కాదు సార్."

ఇదీ అబద్ధమేమో. తేల్చుకునే వ్యవధి లేదు. ఐరన్ నిప్పుల్లోంచి తీసి సీసం కరిగించాడు. ట్రాన్సిస్టర్‌ను ఊడబెరికి, తిప్పి గుచ్చాడు. వేలు చుర్రుమంది. మూడు కాళ్లూ అతికించి, వైరు బ్యాటరీకి ఆనించాడు.

రేడియో మూగబోయింది.

అప్పటికే సైంటిస్ట్ లోయ అంచున, పిల్లల మధ్య నిలబడి ఉన్నాడు. గోడ మీద దాసన్న బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఏమీ పేలలేదు. రిమోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుండగా పోలీసులు అతని మీద పడ్డారు.

బాంబును నిర్వీర్యం చేశాక పద్మప్రియ తనే వెళ్లి జీపెక్కింది. ఆమె చెప్పింది రిపోర్టులో ఉన్నదున్నట్టు రాస్తానని వేణుగోపాల్ మాటిచ్చాడు. ఆమె తలూపి, సీటుకు వాలి కళ్లు మూసుకుంది.

బేడీలతో వచ్చిన దాసన్న ఆ మెకానిక్ ముందు ఆగాడు.

"శానా మోసమప్పా. కొత్త బ్యాటరీలని అంటగట్నారు. ఒక్కటీ పనిచేయల్యా."

వేణుగోపాల్ కాలిన వేలు ఊదుకుంటూ అడిగాడు:

"బిల్లు ఉండాదా?"