గౌరమ్మ బాయి పిలిచిన రాత్రి

పత్తికొండకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక ఊరుంది. పేరెందుకులెండి... ఆ సంగతి ఎత్తితే ఆ ఊరివాళ్లు ఇప్పటికీ మాట మార్చేస్తారు. ఊరికి పడమరగా, టమోటా చేలన్నీ దాటినాక, ఎండిపోయిన పెద్ద బావి ఒకటుంది. గౌరమ్మ బాయి అంటారు.

పొద్దు గూకితే ఆ దోవన ఎవరూ పోరు. చుట్టు తిరిగి రెండు మైళ్లు ఎక్కువ నడుస్తారు గానీ అటు అడుగు పెట్టరు.

ఎప్పుడో పెద్ద కరువు వచ్చినప్పటి మాట. బావిలో నీళ్లు అడుగంటిపోతే, బురదలో చెలమ తవ్వి చిప్పతో తోడుకునేవాళ్లంట. ఒకరోజు గౌరమ్మ అనే ఆమె దిగింది. ఆమె అడుగున ఉండగానే ఒక పక్క గట్టు కూలింది.

మట్టి కింద నుంచి పిలుస్తానే ఉందంట. పైన నిలబడిన వాళ్లను... ఒక్కొక్కరినీ... పేరు పెట్టి.

దిగితే మిగిలిన గట్టూ కూలుతుందని ఎవరూ దిగలేదు. తెల్లవారేసరికి పిలుపు ఆగిపోయింది.

ఆగిపోయిందనే అనుకున్నారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, గోపన్న అనే ఆయన రాత్రిపూట ఆ దోవన వస్తుంటే బావిలో నుంచి ఎవరో "గోపన్నా" అన్నారు. ఆయన "ఆఁ" అన్నాడు. తొమ్మిదో రోజు జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి ఊళ్లో ఒకటే మాట — బాయి పిలిస్తే పలకొద్దు.

ఇదంతా నాకు చెప్పింది షమా. కర్నూల్లో నేను పాఠం చెప్పే కాలేజీలో డిగ్రీ చదువుతోంది. సెలవులయ్యాక పది రోజులు ఆలస్యంగా వచ్చింది. ఎందుకింత ఆలస్యమని గట్టిగానే అడిగాను. "కూర్చోండి మేడం, శానా ఉండాది చెప్పేకి" అని మొదలుపెట్టింది.

షమా వాళ్ల నాయన బుడేన్ సాహెబ్ ఆ ఊరికి నీళ్లు వదిలే మనిషి. మోటరు వేయడం, ట్యాంకు నింపడం, వీధి వీధికీ వాల్వు తిప్పడం ఆయన పని. ఏప్రిల్‌లో ట్యాంకు నిచ్చెన మీద నుంచి జారిపడి తొడ ఎముక విరిగింది. డాక్టరు మూడు నెలలు మంచం దిగొద్దన్నాడు.

ఎండాకాలం. ఊరికి ఉన్నది ఒక్కటే బోరు. ఆ బోరు ఎక్కడుందంటే — గౌరమ్మ బాయి పక్కనే. ఇంకెక్కడ వేసినా నీళ్లు పడలేదు మరి.

వేరే మనిషిని చూసుకుంటామని పంచాయతీ వాళ్లు ఇంటికొచ్చి చెప్పారు. బుడేన్ సాహెబ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాకిట్లో గిన్నెలు తోముతున్న షమా చేతులు కడుక్కొని లోపలికి వచ్చింది.

"నేను వేస్తాలేప్పా మోటరు."

"త్రీఫేజు కరెంటు రాత్రిళ్లు వస్తాది పాపా. ఆడపిల్లవు."

"కరెంటు రాత్రి వస్తే నేనేం చేసేది? వచ్చినప్పుడే పోవాల గదా."

వాళ్లమ్మ బీబమ్మ వద్దంది. నాయన మాత్రం కాసేపు పిల్ల మొహంలోకి చూసి, దిండు కింద నుంచి షెడ్డు తాళంచెవి తీసి ఇచ్చాడు.

మొదటి వారం భయం భయంగా పోయింది. తర్వాత భయపడేందుకు తీరిక లేకపోయింది. తెల్లవారక ముందే ఫోన్లు. మా వీధికి రాలేదు, పై వీధికే ఎక్కువ వదిలినావు, ఏమి పాపా, మేము మనుషులం కాదా... అమ్మ వయసు వాళ్లతో గట్టిగా మాట్లాడటం నేర్చుకుంది. కాలిన ఫ్యూజు మార్చడం నేర్చుకుంది. బావిలో నుంచి ఒక్కనాడూ చప్పుడు వినలేదు.

మే నెలలో ఒక సోమవారం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మంగళవారం నీళ్లు లేవు. బుధవారం లేవు.

ఆ మంగళవారం పొద్దున్నే ఊళ్లో ఇంకొకటి జరిగింది. హనుమంతమ్మ అనే డెబ్బై ఏళ్ల ముసలామె కోడలితో మాటా మాటా పెరిగి, చేతిసంచి పట్టుకొని ఇల్లు దాటి వెళ్లిపోయింది. రాత్రికి రాలేదు. ఆమె కొడుకు ఉరుకుందు బుధవారమంతా ఆమె ఫొటో పట్టుకొని ఆదోని, పత్తికొండ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు.

బుధవారం రాత్రి పదకొండున్నరకు లైన్‌మన్ యేసుప్రసాద్ ఫోన్ చేశాడు.

"పాపా, కొత్తది బిగించినాం. పన్నెండుకు ఇస్తా. రెండు గంటలే ఉంటాది, చూసుకో."

షమా నాయన మోపెడ్ తీసింది. వీధి పొడవునా కుళాయిల ముందు బిందెలు వరసలో ఉన్నాయి. పక్కింటి ఫిరోజా పురిటి మంచం మీద నుంచే కిటికీలో తల పెట్టి చూస్తోంది. బిడ్డ పుట్టి మూడు రోజులు. ఇంట్లో తాగేందుకు తప్ప నీళ్లు లేవు.

చేలు దాటేసరికి చీకటి. గాలి లేదు. మోపెడ్ షెడ్డు ముందు ఆపి, తాళం తీసి, స్టార్టరు పెట్టె మీద మూడు దీపాలూ వెలిగాయో లేదో చూసి, పచ్చ బటన్ నొక్కింది. మోటరు అందుకుంది. గొట్టంలో నీళ్లు ఎక్కిన చప్పుడు.

ఆ చప్పుడు కిందనే ఇంకొకటి.

టంగ్... టంగ్...

గొట్టం అదురుతోందేమో అనుకొని చెయ్యి పెట్టి చూసింది. గొట్టం కాదు.

అప్పుడే కరెంటు పోయింది.

మోటరు ఆగింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే — తన ఊపిరి తనకే వినపడుతోంది.

టంగ్... టంగ్... టంగ్...

రాతి మీద గిన్నె కొట్టినట్టు. బావిలో నుంచి.

తర్వాత...

"షమా..."

పలకలేదు. పెదవులు గట్టిగా బిగించుకుంది. టార్చి బావి వైపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి నడిచి మోపెడ్ పట్టుకుంది. తొక్కితే స్టార్టు కాలేదు. ఇంకోసారి. కాలేదు. తోసుకుంటూ పరుగు పెట్టింది. చెప్పు ఒకటి ఎక్కడో పోయింది. చేల మధ్య దోవకు వచ్చి, వెనక్కి తిరగకుండానే నాయనకు ఫోన్ చేసింది.

"నాయనా... పిలిచింది. నా పేరు పెట్టి."



"నువ్వు పలికినావా?"

"లేదు."

"ఇంటికొచ్చెయ్ తల్లీ. నీళ్లు రేపు చూసుకుందాం."

ఫోన్ పెట్టేసింది. మోపెడ్ ఈసారి స్టార్టయింది. బయలుదేరబోయింది గానీ, అప్పుడే దూరంగా ఊళ్లో దీపాలు వెలిగాయి. కరెంటు మళ్లీ వచ్చింది.

ఆ మోటరు దానంతటది తిరగదు. పోయి బటన్ నొక్కాల్సిందే.

"ధైర్యం గీర్యం ఏమీ లేదు మేడం," అంది నాతో షమా. "ఆడ నిలబడి ఏడ్చినా. ఏడుస్తానే బండి తిప్పినా. ఊరంతా బిందెలు పెట్టుకొని కూర్చోనుంటే ఏ మొగం పెట్టుకొని పోయేది ఇంటికి?"

మళ్లీ షెడ్డు. మళ్లీ పచ్చ బటన్. నీళ్లు ఎక్కాయి. ఇక వెళ్లిపోవచ్చు.

గడప దాటుతుండగా మళ్లీ వచ్చింది గొంతు. ఈసారి మోటరు హోరులో సన్నగా, తెగిపోతూ.

"షమా పాపా... నేనమ్మా... హనుమంతవ్వను..."

షమా కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. ఉరుకుందుకు ఫోన్ చేసింది.

"మామా... బాయిలో మీ యమ్మ గొంతు వినపడతాంది..."

"పలకొద్దు పాపా!" అరిచాడు ఉరుకుందు. తర్వాత గొంతు తగ్గించాడు, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. "అది మా యమ్మ కాదు. నిన్న రాత్రి నన్నూ పిలిచింది. యెతుకుతా యెతుకుతా అటు వచ్చినా. ఉరుకుందూ... ఉరుకుందూ... అని అచ్చం మా యమ్మే పిలిచినట్టు. నేను పలకకుండా వచ్చేసినా. నువ్వూ వచ్చెయ్."

ఫోన్ పెట్టేశాడు.

ఎంతసేపు అలా నిలబడిందో షమాకు తెలియదు. బావిలో నుంచి మాట రావడం లేదు. టంగ్ అనే చప్పుడూ లేదు.

దగ్గు వినపడింది.

ఎండిన గొంతుతో, ఆగి ఆగి, ముసలివాళ్లు తెల్లవారుజామున దగ్గే దగ్గు. దగ్గి దగ్గి, చివర్లో "అమ్మా..." అని ఒక మూలుగు.

దెయ్యం దగ్గుతుందా?

షమా కళ్లు మూసుకుంది.

"ఆఁ... అవ్వా," అంది.

ఏమీ జరగలేదు. భూమి కదల్లేదు. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. బావిలో నుంచి ఏడుపు మాత్రం వచ్చింది — మనిషి ఏడుపు.

టార్చి వేసి తొంగి చూసింది. బావి గోడకు మెట్లుగా పెట్టిన నాపరాళ్లు కిందికి దిగుతున్నాయి. సగం లోతులో గట్టు కూలినచోట ఒక తిన్నెలాంటి జాగా. దాని మీద ఒరిగిపోయిన తెల్లటి తల. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా.

షమా మళ్లీ ఇంటికి ఫోన్ చేసింది.

"నాయనా, దెయ్యం కాదు. హనుమంతవ్వ. నేను దిగతాండా. మనుషుల్ని పంపు."

"పాపా, ఆ రాళ్లు—"

వినలేదు. సీసాలో నీళ్లు పట్టుకొని, చున్నీ నడుముకు బిగించి, టార్చి పళ్ల మధ్య కరుచుకొని దిగింది. ఐదో రాయి కాలి కింద కదిలింది. కొంత మట్టి జారి, చాలాసేపటికి అడుగున పడిన చప్పుడు. గోడకు కరుచుకుపోయి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆరో రాయి మీద కాలు పెట్టింది.

ముసలామె కాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. నీళ్లు కొద్దికొద్దిగా తాగించింది. హనుమంతమ్మ షమా మణికట్టు పట్టుకొని వదల్లేదు.

"పలికితివే తల్లీ... పలికితివే..." ఇదొక్కటే మాట.

పైకి ఎవరైనా వస్తారేమోనని షమా చెవులు రిక్కించి కూర్చుంది. ఎవరూ రావడం లేదు.

ఊళ్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. బుడేన్ సాహెబ్ బీబమ్మను తలుపు తలుపుకూ పంపాడు. గౌరమ్మ బాయి అనేసరికి ఎవరూ గడప దాటలేదు. నీ బిడ్డ పలికింది, ఇంక ఆ పిల్ల గొంతు నమ్మొద్దన్నారు కొందరు. అప్పుడాయన మంచం మీద నుంచి కిందికి జారి, విరిగిన కాలు ఈడ్చుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. నొప్పికి మొహమంతా చెమట. ఎదురింటి శివన్నను ఆటో తీయమన్నాడు.

"ఇన్నేండ్లు అదే బాయి కాడ నుంచి మీకు నీళ్లు పోసినా. ఒక్కరన్నా రాండప్పా. లేదంటే నేనే దిగతా."

శివన్న ఆటో తీశాడు. దాని వెనక ఒకడు, వాని వెనక ఇంకొకడు. చివర ఉరుకుందు.

బావి గట్టున అందరూ నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయారు. షమా కింద నుంచి టార్చి ముసలామె మొహం మీద వేసింది. "చూడు మామా! ఎవరో చూసుకో!"

ఉరుకుందు ఒక్క చూపు చూశాడు. అంతే — తాడు కట్టుకోమని ఎవరో అరుస్తున్నా వినకుండా దిగిపోయాడు.

నులక మంచానికి తాళ్లు కట్టి ఇద్దరినీ పైకి లాగేసరికి మోటరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఊళ్లో ట్యాంకు నిండి పొర్లుతోందంట. షమా ముందు పోయి మోటరు ఆపింది.

మరుసటి రోజు సాయంత్రం ఆసుపత్రికి వెళ్లింది. హనుమంతమ్మ కాలికి కట్టుతో, సెలైను ఎక్కుతూ దిండుకు ఆనుకొని ఉంది. ఉరుకుందు మంచం కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు. రాత్రి నుంచి అన్నం ముట్టలేదంట. షమాను చూడగానే భళ్లున ఏడ్చాడు.

"పరాయి బిడ్డ దిగింది... కడుపున పుట్టినోడిని నేను పారిపోయినా. మంగళవారం రాత్రి నువ్వు నన్ను పిలిస్తివి గదమ్మా. ఉరుకుందూ, ఉరుకుందూ అని ఎన్నిసార్లు పిలిస్తివి... విని కూడా పలకకుండా పోయినా..."

హనుమంతమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది. మొహంలో కోపం లేదు. అర్థం కాని చూపు.

"మంగళవారమా? మంగళవారం నేను యాడుండా బాయిలో?"

ఉరుకుందు తలెత్తాడు.

"మంగళవారం బస్సెక్కి పత్తికొండ పోతిని. రాత్రి టమోటా మార్కెట్ షెడ్డులో, మూటలు మోసే ఆడోళ్ల పక్కన పండుకొంటిని. వాళ్లే టీ తాపిరి. బుధవారం నిన్ను చూడబుద్ధయి తిరిగొస్తి. అడ్డదోవన వస్తా దప్పియితే, మోటరు కాడ నీళ్లుంటాయేమోనని పోతిని. నీళ్లు లేకపాయె. మసక చీకట్లో గట్టు రాయి మీద కాలు పెడితే తిరగబడె. నేను పడింది బుధవారం పొద్దు గూకినాక నాయనా... పడి ఐదారు గంటలే."



ఉరుకుందు మంచం కోడు పట్టుకొని లేచాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం షమాకు కనిపించింది.

"అయితే... మంగళవారం... నన్ను పేరు పెట్టి పిలిచింది ఎవరమ్మా?"

అప్పుడే షమా ఫోన్ మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. యేసుప్రసాద్.

"పాపా, ఈ పొద్దు గూడా పన్నెండుకే. మోటరుకు నువ్వే పోతావా, పంచాయతీ వాళ్లను ఎవర్నైనా చూసుకోమందునా?"

షమా ఉరుకుందు వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"ఎవరు పోతారన్నా," అంది షమా. "నేనే పోవాల."