సన్నబడని గొంతు

విన్నీ ఆక్రాయిడ్‌కు తుపాకీ అంటే భయం లేదు. పట్టుబడితే ఏం చేస్తారో అన్న భయమూ లేదు. తను ఇంట్లో లేని సాయంత్రం బాంబులు పడితే, పాపను ఎత్తుకుని పరిగెత్తవలసిన మనిషి కాస్త ఆలస్యం చేస్తుందేమోనని, ఆమె భయమంతా అదే. పాప పేరు జీన్. ఇంకా నడక రాలేదు. ఎవరో ఒకరు చంకనెత్తుకుంటే తప్ప ఎక్కడికీ పోలేదు.

ఆ భయాన్ని కడుపులో దాచుకునే ఆమె గూఢచారి శాఖ మేజర్ టెనెంట్ ఎదురుగా కూర్చుంది.

అది చేపల కొట్టు వెనకగది. ముందు కొట్లో నిలబడి ఎండు హెరింగ్ ఉందా అని అడగాలి. ఉంది కానీ నిన్నటిది అంటే లోపలికి వెళ్ళొచ్చు. తాజాది అంటే ప్రమాదం. నోరు మూసుకుని ఒక చేప కొనుక్కుని ఇంటికి పోవాలి. ఆ చలికాలమంతా ప్రమాదాలు ఎక్కువే. విన్నీకి చేపలంటే మొహం మొత్తింది.

మేజర్ ఒక ఫొటోను బల్లమీద ఆమె వైపు తోశాడు. కొండమీది రేడియో స్టేషన్ ఇంజనీరు బూత్. రాళ్ళ గనిలో శవమై దొరికాడు.

"కాలు జారలేదు. తోశారు," అన్నాడు మేజర్.

"ఎందుకని సార్?"

"మనం వినలేనిది ఏదో అతను కనిపెట్టాడు."

యుద్ధం మొదలైన దగ్గర్నుంచి దేశంలో చిన్నాచితకా స్టేషన్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే కార్యక్రమాన్ని, ఒకేసారి పలుకుతున్నాయి. శత్రు విమానంలో దారి చూపే సూది ఉంటుంది. అన్ని ఊళ్ళూ ఒకే గొంతుతో పాడుతుంటే ఆ సూది ఏ ఊరి వైపూ నిలబడదు. విమానాలు ఒక ఊరిని సమీపిస్తున్నాయని తెలిస్తే, ఫోన్‌లో ఆర్డర్ వచ్చి ఆ ఊరి స్టేషన్ ఒక్కటీ ఆగిపోతుంది. పాట మాత్రం ఆగదు. దూరపు స్టేషన్ల నుంచి వస్తూనే ఉంటుంది. కాకపోతే గొంతు సన్నబడుతుంది.

ఇదంతా మేజర్ చెప్పనక్కరలేదు. వాళ్ళ ఊరు స్కార్‌బెక్‌లో ఏ తల్లినడిగినా చెబుతుంది.

మేజర్ చెప్పిన కొత్త సంగతి వేరే ఉంది. కొండమీది ట్రాన్స్‌మిటర్‌కు ఎవరో ఒక చిన్న పరికరం తగిలిస్తున్నారు. అది మనిషి చెవికి అందని ఈల ఒకటి కలుపుతుంది. విమానానికి అందుతుంది. వేలమంది నడిచే సంతలో ఒకడికి ఎర్ర తలపాగా చుట్టినట్టు, అన్ని స్టేషన్లలో ఈ ఒక్కటే గుర్తుగా కనబడుతుంది. కొండ పక్కనే గుండ్ల ఫ్యాక్టరీ ఉంది. ఏ పూట చూసినా అందులో వందలమంది ఆడపిల్లలు మందు కూరుతుంటారు.

"పరికరం దొరికితే పగలగొట్టేయనా?"

"వద్దు. కొండ వెనక బీడులో మన లారీ ఉంటుంది. లోపల ట్రాన్స్‌మిటర్, అదే ఫ్రీక్వెన్సీ, అదే కార్యక్రమం. పరికరాన్ని తీసుకెళ్ళి దానికి బిగించు. చుట్టూ నూనె మంటలు వేస్తాం. రానీ వాళ్ళని. వచ్చి బురదను కొట్టుకుని పోనీ."

ఆమె చేతికి ఒక పౌడర్ డబ్బా ఇచ్చాడు. అద్దం వెనక చిన్న రిసీవర్ ఉంది. ఆ ఈల గాలిలో ఉన్నంతసేపూ మూత వేలి కింద సన్నగా వణుకుతుంది. కొండమీద సాయానికి మన మనిషి ఒకామె ఉందనీ, ఆమె కోడ్ పేరు పిచ్చుక అనీ చెప్పాడు. ఎవరా అని విన్నీ అడిగితే ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు కనిపించాడు. రాయల్ హోటల్లో పాడే సిమోన్ వాన్‌హెక్ అన్నాడు.

సిమోన్ విన్నీకి కొత్త కాదు. బెల్జియం నుంచి శరణార్థిగా వచ్చి బ్రిక్ రోలోనే, విన్నీ ఇంటికి రెండిళ్ళ అవతల అద్దెకుంటోంది. ఆ వీధిలో పట్టు మేజోళ్ళు వేసుకునే మనిషి ఆమె ఒక్కతే. జీన్‌కు పళ్ళు వస్తూ ఏడుస్తున్నప్పుడు ఎత్తుకుని తన భాషలో ఏదో పాడి నిద్రపుచ్చింది. ఆ పూట విన్నీ ఆమెకు చెల్లెలంత దగ్గరైంది.

మర్నాటి నుంచి విన్నీకి కొండమీద డ్యూటీ. వీధిలో మాత్రం ట్రాము డిపో కాంటీన్‌లో టీ పోస్తుందనే అందరికీ తెలుసు. భర్త లెన్ యుద్ధనౌకమీద ఉన్నాడు. పాపను ఎడంపక్క ఇంటి మిసెస్ క్లెగ్ చూసుకుంటుంది. భర్త పోయిన ముసలామె. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"నీ టీ పోస్తే ఆగిన ట్రాము కూడా కదులుతుందట విన్నీ. మనుషులకెందుకు పోస్తావమ్మా, ఇంజన్లో పోయక," అంది ఆ రోజు జీన్‌ను అందుకుంటూ.

సైరన్ మోగితే వెంటనే బాంబులకు తలదాచుకునే గోతిలోకి దిగండి అని విన్నీ రోజూ చెప్పే మాటే మళ్ళీ చెప్పింది.

"ఆ సైరన్‌దేముంది, పిల్లి తుమ్మినా మోగుతుంది. మొన్న మోగితే ఆ చలిలో తెల్లారేదాకా గోతిలో కూర్చున్నాం, కాకి కూడా రాలేదు. రేడియో అలా కాదు. గొంతు సన్నబడిందా, నీ పిల్ల నా చంకలో ఉంటుంది, నేను మెట్ల మీద ఉంటాను. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా ఆలస్యం చేశానా?"

చేయలేదు. బ్రిక్ రో అంతా అలాగే బతికింది. సైరన్ కంటే రేడియో ముందు చెప్పేది, ఎప్పుడూ నిజమే చెప్పేది. జీన్ బుట్టను కూడా రేడియో బల్ల కిందే పెట్టేవారు. పాట వింటే తప్ప ఆ పిల్లకు నిద్ర రాదు.

కొండమీది గదిలో బూత్ బదులు వచ్చిన ఇంజనీరు లంబ్ ఉన్నాడు. మొదటి యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్న పెద్దమనిషి. విన్నీ టీ కెటిల్ పట్టుకుని వచ్చేది. కొన్ని సాయంత్రాలు సిమోన్ కూడా వచ్చేది, బొచ్చు కోటులో, శాండ్‌విచ్‌లు పట్టుకుని, డాన్స్ బాండ్ వినాలని ఉందంటూ. ఆమె వచ్చిన సాయంత్రాలే పౌడర్ డబ్బా మూత వణికింది. రాని రోజు వణకలేదు.

విన్నీ మేజర్‌కు చెప్పింది. పిచ్చుక మన మనిషి, నీ పొరపాటై ఉంటుంది అన్నాడాయన. చదువు మధ్యలో ఆగిన ఆడదాని మాట కంటే పట్టు మేజోళ్ళ మాట ఎక్కువ నమ్మకంగా తోచింది కాబోలు.

ఆకాశం తేటగా ఉన్న ఒక సాయంత్రం, ఊళ్ళో దీపాలకు నల్లగుడ్డలు కప్పే వేళ, విన్నీ గదిలోకి అడుగు పెట్టేసరికి జేబులో డబ్బా వణుకుతోంది. సిమోన్ కుర్చీలో ఉంది. లంబ్ ఫోన్ చెవికి ఆనించుకుని, ఎంతసేపటి నుంచో ఉలుకూ పలుకూ లేదంటున్నాడు. విన్నీ వంగి చూసింది. గోడ దగ్గర తీగ తెగి ఉంది.

ట్రాన్స్‌మిటర్ వెనక పలక తెరిచింది. సబ్బుబిళ్ళంత పెట్టె, రెండు తీగలతో అతుక్కుని ఉంది.

వెనక్కి తిరిగేసరికి సిమోన్ కోటు చేతిలోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. విన్నీ ఆలోచించలేదు. కెటిల్లో ఉన్న టీ అంతా ఆ చేతిమీద గుమ్మరించింది. స్కార్‌బెక్ అంతా తిట్టుకునే ఆ టీ మొదటిసారి పనికొచ్చింది. పిస్తోలు కింద పడింది, లంబ్ దాన్ని తన ఊతకర్రతో మూలకు నెట్టాడు. ఇద్దరూ కలిసి సిమోన్‌ను కుర్చీకేసి తీగతో కట్టారు.

అప్పుడే కింద ఊళ్ళో సైరన్ లేచింది. సముద్రం వైపు నుంచి సన్నని మోత.

"ఆపేయమని ఆర్డర్ రాలేదు. ఫోన్ లేదుగా. ఆపేయనా అమ్మాయ్?" అన్నాడు లంబ్.

ఇప్పుడే వద్దంది విన్నీ. లారీలో పెట్టె బిగించి లాంతరు ఊపుతాననీ, కిటికీలోంచి అది కనబడగానే ఆపమనీ చెప్పింది. రెండింటి మధ్య క్షణం కూడా ఖాళీ రాకూడదు. వస్తే సూది కదిలిపోతుంది, విమానాలకు అనుమానం వస్తుంది. అందుకే పెట్టెతో పాటు దాని బ్యాటరీనీ ఊడదీసింది. తీగలు తెగినా, బ్యాటరీ బలంతో ఆ పెట్టె తానే కొద్దిసేపు ఈలను గాలిలోకి వదులుతూనే ఉంటుంది.

"విన్నీ," అంది సిమోన్. గొంతులో బింకం లేదు. "ఆ లారీ మన వీధికి ఎంత దూరం?"

విన్నీ పెట్టెను గుడ్డలో చుడుతోంది.

"ఈ స్టేషన్ ఎంత దూరమో అదీ అంతే. ఇది ఆగినా అది నిండుగా పలుకుతుంది. ఈ పూట బ్రిక్ రోలో రేడియో సన్నబడదు."

విన్నీ చేతులు ఆగిపోయాయి.

"సైరన్ మోగుతోందిగా."

"మోగనీ. మిసెస్ క్లెగ్ నమ్ముతుందా దాన్ని?"

రేడియోలో బాండ్ హుషారుగా వాయిస్తోంది.

"నన్ను వదులు. కొండ దిగి పరిగెత్తి చెప్తాను. నువ్వు లారీకి వెళ్ళు. ఫ్యాక్టరీ అని చెప్పి నన్ను ఒప్పించారు విన్నీ, ఇళ్ళని చెప్పలేదు. ఆ పిల్లను నేను ఎత్తుకున్నాను."

గుమ్మం బయట దారి రెండుగా చీలుతుంది. ఒకటి కిందికి, బ్రిక్ రోకి. ఒకటి వెనక్కి, బీడులోకి. ఆ గదిలో పరిగెత్తగల కాళ్ళు రెండు జతలే ఉన్నాయి. అందులో ఒక జతను ఇప్పుడే తీగతో కట్టేశారు.

విన్నీ లంబ్ వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నన్నడక్కు తల్లీ. ఈ మనిషి నా కోసం శాండ్‌విచ్‌లు తెస్తోందనుకున్న ముసలాణ్ణి నేను."

వదిలితే ఆమె వీధికే వెళ్తుందని ఏముంది? దారిలో ఒక దీపం వెలిగిస్తే చాలు, బీడులో ఉన్నది ఉచ్చు అని పైవాళ్ళకు తెలిసిపోతుంది. బూత్ కూడా ఈ కళ్ళనే నమ్మి గని అంచుదాకా నడిచి ఉంటాడు. ఫ్యాక్టరీలో వందలమంది ఆడపిల్లలు. వాళ్ళకూ తల్లులున్నారు. పట్టుబడ్డ గూఢచారి చివరి మాటగా చెప్పేది ఎప్పుడూ నీకు అన్నిటికంటే ఇష్టమైన దాని గురించే ఉంటుందని శిక్షణలో నేర్పారు. విన్నీ ఆ పాఠం బాగా నేర్చుకుంది.

తీగను ఇంకో చుట్టు బిగించింది. పెట్టెను జాకెట్‌లో దోపుకుని బీడు వైపు పరిగెత్తింది.

లారీలో కార్పొరల్ దారి ఇచ్చాడు. పెట్టె బిగిసింది, లాంతరు ఊగింది, కొండమీద స్టేషన్ ఆగింది. పాటలో ఒక్క గీటు పడలేదు. లారీలోని స్పీకర్‌లో బాండ్ గంటలా మోగుతోంది. ఇంత బాగా ఎప్పుడూ పలకలేదండీ అన్నాడు కార్పొరల్, మెచ్చుకోలుగా.

గోతిలో బోర్లా పడుకున్నారు. విమానాలు వచ్చాయి. ఈల పిలిచిన చోటికే, మంటలు కనబడిన చోటికే వచ్చి, తెచ్చిందంతా బురదలో కుమ్మరించి వెళ్ళిపోయాయి. ఫ్యాక్టరీ అద్దం ఒక్కటి పగల్లేదు. కార్పొరల్ నవ్వుతూ ఆమె వీపు తట్టాడు.

వెనకబడ్డ విమానం ఒకటి మంటలను దాటిపోయింది. బరువు దించుకోవడానికి ఎక్కడో ఒకచోట వదిలింది. ఆ చప్పుడు ఊరివైపు నుంచి వచ్చింది.

విన్నీ వెళ్ళేసరికి బ్రిక్ రోలో అన్ని ఇళ్ళూ నిలబడే ఉన్నాయి, ఒకటి తప్ప. మిసెస్ క్లెగ్ పెరట్లో బొగ్గుల కొట్టు గుమ్మంలో కూర్చుని ఉంది. పొయ్యిలోకి బొగ్గులు తెద్దామని ఒక్క క్షణం బయటికొచ్చిందట. బకెట్ పిడి ఇంకా వదల్లేదు. రేడియో బల్ల కింద బుట్ట ఉన్న చోట గోడ కూలి ఉంది.

"రేడియో సన్నబడలేదు విన్నీ," అంది. "నేను వింటూనే ఉన్నాను. బాగానే పలికింది."

విన్నీ ఆమె పక్కన నేలమీద కూర్చుంది.

మేజర్ రిపోర్టులో ఫ్యాక్టరీ క్షేమం, గూఢచారి బందీ, నష్టం బీడులో మేస్తున్న కొన్ని గొర్రెలు అని రాశారు. బ్రిక్ రో ఇల్లు వేరే రిపోర్టులోకి పోయింది. సిమోన్ విచారణలో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదట. పాపను కిందికి దించారా అని ఒక్కటి మాత్రం తిరిగి అడిగిందట. అదీ ఒక ఎత్తేనని మేజర్ అన్నాడు. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. వదిలి ఉంటే ఆ కాళ్ళు ఎటు పరిగెత్తేవో విన్నీకి ఇక ఎప్పటికీ తెలియదు. అది తెలియకుండా బతకడమే ఆమెకిచ్చిన మెడల్. ఇంకో మెడల్ కూడా ఇచ్చారు, వెండిది. తర్వాత ఆమెను వేరే ఊరికి పంపేశారు.

మిసెస్ క్లెగ్ ఇంకా స్కార్‌బెక్‌లోనే ఉంది, చర్చి వెనక చెల్లెలి ఇంట్లో. తన చెవులు చెడిపోయాయనే ఆమె నమ్మకం. గొంతు సన్నబడే ఉంటుంది, తనకే వినబడలేదు అంటుంది. డాక్టర్ రెండుసార్లు చూసి దోషమేమీ లేదన్నాడు, నమ్మలేదు. పగలంతా రేడియో ముందు కూర్చుని ఆ బొత్తాన్ని పెంచుతూ, తగ్గిస్తూ, తనను తాను పరీక్షించుకుంటూ ఉంటుంది.

మీరెవరైనా అటు వెళ్తే ఆమెను ఒకసారి చూసి రండి. టీ ఇస్తే తాగండి. ఆ సాయంత్రం రేడియో నిజంగానే సన్నబడలేదని, ఆమె సరిగ్గానే విన్నదని చెప్పండి. విన్నీ చెప్పకూడదు, రహస్యం బయటపెట్టనని ప్రభుత్వానికి సంతకం పెట్టిచ్చింది. మీరు పెట్టలేదు కదా.