ఎరుపును మింగిన అద్దాలు

తూటా తగిలి కూలిపోయేదాకా ఆర్విడ్ హెల్‌స్ట్రోమ్ రేడియోలో ఒకే మాట చెప్పాడు.

“కొండ మీద ఏమీ లేదు. ఉత్త చీకటే.”

కానీ కొండ మీద ఎర్రదీపం వెలిగింది. సరస్సులో చేపలు పట్టే ముసలాయన ఒకడు తన సొంత బైనాక్యులర్స్‌లో చూశాడు. ఆ సైగ అందగానే విదేశీ ముఠా పడవ అమెరికాలోని డులూత్ రేవులోంచి రహస్య రాడార్ భాగం ఒకటి దాటించింది. పోతూ పోతూ గట్టు మీద కాపలా ఉన్న ఆర్విడ్‌ని కాల్చి చంపింది.

“తాగి ఉంటాడు,” అన్నాడు నిఘా విభాగం అధిపతి డెల్మర్ ప్రూ.

ఏజెంట్ సిగ్నే రౌటియో బల్ల మీద చెయ్యి చరిచింది. “ఆర్విడ్ తన పెళ్లిలో కూడా చుక్క ముట్టలేదు. ఆ రోజు తాగి పడిపోయింది మీరు!”

డెల్మర్ మొహం కందగడ్డయింది. “పాత సంగతులెందుకు? రెండో భాగాన్ని ఈ సాయంత్రమే దాటిస్తారట. దూరంగా ఉన్న ఖనిజం రేవు దగ్గర మాటు వెయ్యమని సెలెస్ట్ కబురు పెట్టింది. ముఠాలో మన మనిషి ఆవిడే కదా.”

సిగ్నే వినడం లేదు. ఆర్విడ్ బైనాక్యులర్స్ అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ముందు అద్దాలు కెంపుల్లా ఎర్రగా మెరుస్తున్నాయి.

“ఇవి ఎవరమ్మారు?”

“సెలెస్టే. కొనుగోలు కమిటీ ముందుకొచ్చిన వాటిల్లో ఇవే చవక.”

“ఒక్కరైనా కళ్లకు పెట్టుకుని చూశారా?”

“ధర చూశాం,” అన్నాడు డెల్మర్.

సాయంత్రానికి సరస్సు ఒడ్డున పార్కులో, పక్షులు చూసేవాళ్ల మధ్య, నెరిసిన విగ్గు పెట్టుకుని సిగ్నే తిరుగుతోంది. కోటు బొత్తాంలో మైకు. పక్షుల క్లబ్బు కోసం చవక బైనాక్యులర్స్ పరీక్షిస్తున్నానని చెప్పుకుంది. సెలెస్ట్ ఆర్బొగాస్ట్ దుకాణం అక్కడే. సెలెస్ట్‌ది పట్టు స్కార్ఫు, నవ్వితే ఎవరైనా పర్సు తీసే మొహం.

“ఈ రూబీ కోటింగ్ చూడండి మేడమ్. ఎండ కళ్లకు కొట్టదు.”

సిగ్నే వాటిని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. కళ్లు పెట్టే అద్దాల్లో వెలుగు గుండ్రంగా లేదు, అంచులు కోసినట్టుంది. లోపల వెలుగును మళ్లించే పట్టకాలు నాసిరకం. దీపస్తంభం వైపు తిప్పితే స్తంభం విల్లులా వంగింది. ఆ తర్వాత వంతెన మీది ఎర్రలైటు వైపు తిప్పింది.

లైటు లేదు.

పక్క బల్ల మీద ఇంకో చవక జత ఉంది, అద్దాలు లేత ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. అదీ పెట్టి చూసింది. స్తంభం నిటారుగా నిలబడింది. ఎర్రలైటు మండుతోంది.

రూబీ జతది ఎరుపునంతా వెనక్కి తరిమే పూత! చవకదనం వల్ల వచ్చిన లోపం కాదిది. ఆర్విడ్‌కి ఏం కనపడకూడదో ఎంచి మరీ చేశారు.

పొద్దు వాలింది. ఆకుపచ్చ జత కొండ వైపు తిప్పింది. చెట్ల మధ్య ఎర్రదీపం మూడుసార్లు మెరిసి ఆరింది. రేవులో ఆగి ఉన్న తెల్లటి తెరచాప యాట్ లంగరెత్తి, పడవల కోసం పైకి లేచే వంతెన వైపు కదిలింది. డెల్మర్ మనుషులంతా ఖనిజం రేవు దగ్గర గాలి పీలుస్తున్నారు.

“అవి నచ్చాయా, ఏజెంట్ గారూ?” సెలెస్ట్ గొంతులో తేనె లేదిప్పుడు. స్కార్ఫు కింద పిస్టల్ ఉంది.

“బాగున్నాయి. మాకెందుకు అమ్మలేదు?”

“మీ కమిటీ అడిగింది చవకే కదా. కళ్లు కాదుగా!”

సిగ్నే బొత్తాం నొక్కింది. “వంతెన, విను. కొంగ వాలింది!” వంతెన దించమనడానికి అక్కడి కాపలావాళ్లతో ముందే అనుకున్న సంకేతం అది.

సెలెస్ట్ వేలు బిగించేలోపు సిగ్నే పట్టీ పట్టుకుని రూబీ జతను గిర్రున తిప్పి ఆ మణికట్టు మీద కొట్టింది. తూటా సరస్సులోకి పోయింది. ఎముక విరిగిన చప్పుడైంది.

“ఇది ఆర్విడ్ కోసం!” రెండోసారి చెయ్యెత్తింది సిగ్నే. సెలెస్ట్ మోకాళ్ల మీద కూలబడింది. సిగ్నే చెయ్యి గాల్లోనే ఆగి, చివరికి సంకెళ్ల కోసం జేబులోకి వెళ్లింది.

సగం లేచిన వంతెన ఆగి, కిందికి దిగింది. యాట్ ఆగలేకపోయింది. తెరచాప కొయ్య ఇనుప దూలానికి తగిలి ఫెళ్లున విరిగింది. గస్తీ పడవలు వచ్చి చుట్టుముట్టాయి. రాడార్ భాగం చేపల పెట్టెలో దొరికింది.

మర్నాడు డెల్మర్ చెయ్యి చాపాడు. “అద్భుతం సిగ్నే. వారం సెలవు తీసుకో.”

ఆమె ఆ చెయ్యి అందుకోలేదు. “పదండి, ఆర్విడ్ భార్య దగ్గరికి. తాగుబోతన్న నోటితోనే నిజం చెప్దురు గాని.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. మందపాటి కోటు వేసుకోండి, బయట చలిగా ఉంది. మిమ్మల్ని లోపలికి రానిస్తుందని నేను మాటివ్వలేను.”