రూతమ్మ నమ్మిన గొంతు

ఆ ఆదివారం బ్రూస్‌పేట చర్చిలో వాక్యం చదివే వంతు ఆల్విన్‌ది. చదివి తన బెంచీ వైపు వస్తుంటే మూడో వరసలో ఒక అమ్మాయి కళ్లార్పకుండా తననే చూస్తోంది. పెళ్లికాని కుర్రవాడు అలాంటప్పుడు ఏమనుకుంటాడో ఆల్విన్ కూడా అదే అనుకున్నాడు. ఆరాధన ముగిసేలోగా రెండుసార్లు జుట్టు సవరించుకున్నాడు.

బయట సన్నగా వాన పడుతోంది. ఆ అమ్మాయి గొడుగు తెరవకుండా గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఒక మాట అడగల్ల," అంది. "ఫోన్లో ఆడోళ్ల ఆరోగ్యమని వీడియోలు వస్తాయే, వాటిలో మాట్లాడేది మీరేనా?"

ఆల్విన్‌కు కాస్త గర్వంగానే అనిపించింది. పగలంతా ఒక ప్రైవేటు బడిలో గుమాస్తా పని. తీరిక దొరికినప్పుడు ఏదో ఛానెల్ వాళ్లు వాట్సాప్‌లో పంపే స్క్రిప్టులు చదివి రికార్డు చేసి పంపుతాడు. వీడియోలో ముఖం కనిపించదు, పేరుండదు. గొంతు గుర్తుపట్టిన మొదటి మనిషి ఈమే.

"నేనేనండీ. ఎట్ల కనుక్కున్న్యారు?"

"ఎనిమిది నెలలు మా ఇంట్లో మీ గొంతే. పొద్దున లేస్తే మా అమ్మ అదే వింటాండె." ఆమె ముఖంలో నవ్వు లేదు. "ముట్లు ఆగిపోయిన ఆరేండ్లకు మళ్లా నెత్తురు కనపడితే, అది ఒంట్లో వేడి, మెంతుల నీళ్లు తాగితే చాలని చెప్పినారు. జ్ఞాపకం ఉండాదా?"

నిజానికి అతనికి జ్ఞాపకం లేదు.

"అమ్మ తాగింది. ఇప్పుడు గర్భసంచిలో క్యాన్సర్ అంటాండారు. పక్కలకు పాకిందంట. మొదట్లోనే వచ్చింటే బాగుచేసేదానికి వీలుండేదని డాక్టరమ్మ చెప్పింది."

"అది నేను రాసింది కాదండీ. వాళ్లు పంపింది చదువుతా, అంతే."

"తెలుసు. చదివేముందు ఒక్కసారన్న ఎవురినన్న అడిగినారా అని తెలుసుకుందామని నిలబడినా."

ఆల్విన్ అడ్డంగా తలూపాడు. ఆమె వానలోనే నడిచి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఆ వీడియో వెతికి పెట్టుకున్నాడు. "భయపడాల్సిన పని లేదమ్మా," అంటోంది తన గొంతు, ఎంతో ఆప్యాయంగా. కింద వందల కొద్దీ ఆడవాళ్లు "బాగా చెప్పావు బాబూ" అని రాశారు. దాన్ని తీసేయమని ఛానెల్ వాళ్లకు మెసేజ్ పెట్టాడు. "బాగా పోతోంది బ్రో, ఎందుకు తీస్తాం?" అని జవాబొచ్చింది. వాళ్లకు చదివిపెట్టే పని మానేశాడు. వీడియో మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ శనివారం ఆ ఇల్లు కనుక్కుని వెళ్లాడు. అమ్మాయి పేరు షెకైనా అని, సండూరులో ఒక గనుల ఆఫీసులో పని చేస్తూ శనివారాలు ఇంటికి వస్తుందని చర్చిలో చెప్పారు. తలుపు తీసి అతన్ని చూడగానే ఆమె ముఖం బిగుసుకుంది.

"అమ్మకు ఏమీ చెప్పద్దు. సుమ్నే, ఊరికే చూసి పొండి," అంది మెల్లగా.

మంచం మీద రూతమ్మ కళ్లు మూసుకుని ఉంది. "వందనాలమ్మా," అన్నాడు ఆల్విన్. ఆ ఒక్క మాటకే ఆమె కళ్లు తెరిచింది.

"ఈ గొంతు నాకు తెలుసు. ఫోన్లో అబ్బాయివి కదూ?"

షెకైనా గోడ వైపు తిరిగింది. ఆల్విన్ మంచం పక్కన నేల మీద కూర్చుని, ఉన్నదంతా చెప్పేశాడు.

"డాక్టరు కాడికి పోవల్లంటే నాకు భయం, సిగ్గు. పోవల్సిన పని లేదని ఎవురన్న చెప్తే బాగుండునని ఉండె. నువ్వు చెప్పినావు, నమ్మినా," అంది రూతమ్మ. "ఇంగా ఎంతమంది నమ్ముతాండారో. అదే గొంతుతో నిజం చెప్పు నాయనా. నీ మాట ఇంటారు. మా ఆయనకు మాత్రం నువ్వెవురో ఇప్పుడే చెప్పద్దు. తట్టుకోలేడు."

అమ్మ మాట కాదనలేక షెకైనా ఒప్పుకుంది. శనివారాలు ముందు గదిలో పని మొదలైంది. ఆమె ఇంటర్నెట్లో వెతికేది, అతను రాసేవాడు. రాసింది రూతమ్మకు వైద్యం చేస్తున్న డాక్టర్ గౌతమి చదివి దిద్దేది.

"ఇది వద్దు," అనేది షెకైనా. "రాసినోళ్ల పేరు లేదు, తేదీ లేదు, కింద ఏందో పొడి అమ్ముతాండారు. అమ్మేవాళ్లు నిజం చెప్తారా?"

అతను చదవబోతే మళ్లీ ఆపేది. "నువ్వు వార్తలు చదువుతాండావు. ఇంట్లో మాట్లాడే మాదిరి చెప్పు."

"ఇంట్లో నేను ఎక్కువ మాట్లాడను."

"అయితే నాతో మాట్లాడినట్ల చెప్పు."

"నీతో మాట్లాడితే గొంతు వణుకుతాది."

షెకైనా గబుక్కున కాగితంలోకి తల వంచింది. ఆమె నవ్వు అంచు ఆల్విన్‌కు ఆ రోజే మొదటిసారి కనిపించింది. లోపల్నుంచి రూతమ్మ మూలుగు వినబడి, ఆ నవ్వు వెంటనే మాసిపోయింది.

ఆల్విన్ సొంతంగా పెట్టిన మొదటి వీడియో ఇలా మొదలైంది. "అమ్మలారా, నేను మీకు ఒక తప్పు చెప్పినాను. ముట్లు ఆగిపోయి ఏడాది దాటినాక ఒక్క చుక్క కనపడినా డాక్టరుకు చూపించుకోండి. అన్నిసార్లూ అది క్యాన్సర్ కాదు. కానీ పరీక్ష చేసి ఆ మాట చెప్పల్సింది డాక్టరు. నేను కాదు, ఫోనూ కాదు."

రూతమ్మ దాన్ని మూడుసార్లు పెట్టించుకుని వింది. పది రోజులకు కన్నుమూసింది.

సమాధుల తోటలో అందరూ వెళ్లిపోయాక షెకైనా అతని దగ్గరికొచ్చి, "ఇంగ రావద్దు ఆల్విన్. నీ గొంతు వినలేను," అంది. అతను తలూపాడు. తర్వాత రెండు నెలలు ఒక్కడే రాసి, డాక్టరమ్మతో దిద్దించి, ఒక్కడే రికార్డు చేశాడు. పాత వీడియో చూసినవాళ్లు లక్షల్లో ఉంటే, వీటిని చూసినవాళ్లు వందల్లోనే ఉన్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం షెకైనా ఫోన్ చేసింది.

"బస్టాండుకు వస్తావా? సండూరు బస్సు దిగినా."

అతను వెళ్లేసరికి వాన జోరుగా కురుస్తోంది. షెల్టరు కింద ఒక మూల ఆమె నిలబడి ఉంది.

"డాక్టరమ్మ ఫోన్ చేసింది. రూపనగుడి నుంచి సిద్దక్క అని ఒకామె వచ్చిందంట, నీ వీడియో విని. జబ్బు మొదట్లోనే దొరికిందంట. ఆపరేషన్ చేస్తే బాగైపోతాదని చెప్పినారు. సంతోషపడల్ల కదా. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మకెందుకు ఇట్ల జరగలేదని. ఎవురితో చెప్పల్లో తెలీక నీకు చేసినా."

ఆల్విన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"నీ గొంతు వింటే అమ్మ గుర్తొస్తాది. వినకపోతే ఇంగా ఎక్కువ గుర్తొస్తాది. నేనేం చేయల్ల?"

"నువ్వు వినాలనుకున్నప్పుడే మాట్లాడతా. అంతవరకు ఊరికే ఉంటా. నువ్వంటే నాకు ప్రాణం, షెకైనా."

ఆమె చున్నీతో ముఖం తుడుచుకుంది. "నాక్కూడా. కానీ నువ్వెవురో నాన్నకు తెలియల్ల. దాచి పెండ్లి చేసుకోలేను."

ఇద్దరూ అట్నుంచే ఇంటికి వెళ్లారు. రైల్వేలో పని చేసి రిటైరైన ఆమె నాన్న ఆర్థర్ వరండాలో కూర్చుని ఉన్నాడు. ఇన్నాళ్లూ ఆల్విన్ అంటే ఆయనకు చర్చి కుర్రవాడు, అంతే. ఆల్విన్ నిలబడే అంతా చెప్పాడు. ఆర్థర్ అతని వైపు చూడకుండా విన్నాడు.

"మీ అమ్మ మొదట నాతోనే చెప్పింది," అన్నాడు కూతురితో. "మళ్లా కనపడతాండాది, ఏమో తెలీదు అనింది. ఆడోళ్ల సంగతి నాకేం తెలుసు, ఫోన్లో చూసుకోపో అన్న్యా. అందుకే చూసుకుంది."

"నాన్నా," అంది షెకైనా. "ఆ ఫోన్ కొనిచ్చి, చూసేది నేర్పించింది నేను."

"ఇన్ని దినాలు నీకు చెప్పలేకపోతి తల్లీ." ఆర్థర్ ఆల్విన్ వైపు తిరిగాడు. "నిన్ను పొమ్మనల్లంటే ముందు ఈ ఇంట్లోంచి నేను పోవల్ల. తిన్న్యావా?"

"లేదు సార్."

ఆర్థర్ లేచి లోపలికి నడిచాడు. మూడు పళ్లేలు తనే కడిగి పెట్టి, పొద్దున తాను వండిన అన్నం, పప్పు వడ్డించాడు. అన్నం కాస్త మెత్తబడింది. ఎవరూ ఆ మాట అనలేదు.

"పెండ్లి సంగతి ఏడాది కానీప్పా," అన్నాడు తల ఎత్తకుండా. "అంతవరకు శనివారం శనివారం వచ్చి, ముందు మాదిరే ఈడ కూర్చొని పని చేసుకోండి. ఆమె పోయినప్పట్నించి ఈ ఇంట్లో మాట లేదు."