బొంతల కింద దాచిన నిప్పు

తెల్లవారి ఏడు దాటింది. కుందుజ్ అందరి గిన్నెల్లోనూ టీ సగం సగమే పోసింది. నిండా పోస్తే తాగి లేచి పొమ్మన్నట్టని అక్కడి ఆనవాయితీ. ఎనిమిదింటికల్లా నోకత్ ఊరి బజారులో తన సెల్‌ఫోన్ రిపేరు కొట్టు తెరవాలి. అత్తగారు ఉగుల్‌ఖాన్ మాత్రం తీరిగ్గా రొట్టె తుంచి అందరి ముందూ పెడుతోంది.

భర్త మక్సత్ గోడకి జారగిలబడి, కిటికీ గట్టు మీద చార్జింగ్ పెట్టిన తన ఈ-సిగరెట్టు తీసి దర్జాగా ఓ దమ్ము లాగాడు.

"బయటికెళ్లి పీల్చరా, పిల్ల ఉన్న ఇల్లు," అంది తల్లి. అంతే. అందులో కసురు కన్నా ముద్దే ఎక్కువ.

అలాంటిది కుందుజ్‌కీ ఒకటుంది. ఆ సంగతి మక్సత్‌కి తెలుసు, తెలియనట్టు ఉంటాడు. అత్తగారికి తెలిస్తే మాత్రం కొంప మునిగినట్టే. అందుకే కుందుజ్ దాన్ని ఎవరి చెయ్యీ పడని చోట చార్జింగ్ పెడుతుంది. పెద్ద గదిలో ఇనపపెట్టె మీద ఇరవై రెండు బొంతలు మడతపెట్టి దొంతరగా పేర్చి ఉంటాయి. రోజూ పరుచుకునేవి పైన, చుట్టాలకి పరిచేవి అడుగున. చుట్టం గడప తొక్కితే తప్ప అడుగు బొంత కదలదు. వైరు పెట్టె వెనక నుంచి పోనిచ్చి దాన్ని ఆ అడుగు మడతలోకి దూర్చేస్తే మూడో కంటికి తెలియదు.

నిన్న కొట్లో అది చేజారి సొట్టపడింది. దాని వైరు కూడా అక్కడే మర్చిపోయింది. ఈ ఉదయం మక్సత్ ఫోను చార్జరు, జోరుగా చార్జింగ్ ఎక్కించేది, తగిలించి బొంతల్లో దూర్చి వచ్చింది.

రెండో గిన్నె పోస్తుండగా పెద్ద గదిలో ఠప్పుమంది. వెనకే కాలిన దూది వాసన.

ఆ గదిలో, పెట్టె పక్కనే, వాళ్ల మూడేళ్ల కూతురు ఆసెమా నిద్రపోతోంది.

కుందుజ్ టీకెటిల్ వదిలేసి పరుగెత్తింది. ముందు ప్లగ్గు పీకింది. పిల్లని ఎత్తి మక్సత్ చేతుల్లో పడేసింది. పొగ కక్కుతున్న బొంతల్ని పెరట్లోకి ఈడ్చింది. పొయ్యి దగ్గరి పట్టకారుతో ఆ వస్తువుని పట్టుకుని పెరటి మధ్య వట్టి నేల మీదికి విసిరి, "దగ్గరికి రాకండి, మళ్లీ పేలుద్ది!" అని అరిచింది. పేలింది కూడా. బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించాక దూది ఆరింది.

మూడు బొంతలు పోయాయి. మూడూ ఉగుల్‌ఖాన్ సొంత చేతులతో కుట్టినవి. పిల్ల ఏడుస్తోంది గానీ ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు.

"ఏంటిది? ఎవరిదిది?" అంది ఉగుల్‌ఖాన్, నల్లబడిన ముద్దని కట్టెపుల్లతో చూపిస్తూ.

"నాదేనమ్మా," అన్నాడు మక్సత్ గబుక్కున.

ఉగుల్‌ఖాన్ బుసకొట్టినట్టు ఊపిరి వదిలింది. "నీకెప్పుడొస్తుందిరా బుద్ధి? సర్లే, దూదేగా, మళ్లీ కుట్టుకుంటాం. పిల్లకేం కాలేదు, అదే పదివేలు."

కుందుజ్‌కి ఒళ్లు మండిపోయింది. తప్పించుకోవడానికి మొగుడు దారి చూపించాడు. నోరు మూసుకుంటే చాలు. కానీ ఇరవై రెండు బొంతల ఇంట్లో మూడు కాలిపోయి, కన్నకూతురు బూడిదయ్యేదాకా వచ్చి, అంతా ఒక్క 'సర్లే'తో ముగిసిపోవడం ఆమె చూడలేకపోయింది.

"ఆయనది కాదత్తమ్మా. నాది."



"నీదా?" అంది ఉగుల్‌ఖాన్. "ఆడదానివై ఉండి! ఒరేయ్ మక్సత్, బండి తియ్. దీన్ని పుట్టింట్లో దింపు. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఇల్లు తగలబెట్టేదాని చేతిలో నా మనవరాల్ని పెట్టను."

"నేనెక్కడికీ వెళ్లను. నా పిల్లనీ వదలను."

"ఎదురు చెప్తున్నావా?"

"చెప్తున్నాను. ఇందాక ఆయనదన్నప్పుడు దూదేగా అన్నారు. నాదనగానే ఇల్లు తగలబెట్టిందయ్యిందా? అదే మంట కదా అత్తమ్మా!"

"ఊరుకోవే, నే చెప్తున్నాగా..." అని గొణిగాడు మక్సత్.

"నువ్వూరుకో! ఏడాదిగా ఊరుకున్నావుగా, ఇంకాస్త ఊరుకో." కుందుజ్ అత్తగారి వైపు తిరిగింది. ఆమె చూపు దించలేదు. "తప్పు నాదే. బొంతలు కాల్చింది నేనే, ఈ మూడూ విప్పి దూది ఏకి మళ్లీ కుట్టేదీ నేనే. కానీ ఒక్క మాట వినండి. కొట్లో రోజుకి నలభై మందికి నేనే చెప్తాను: పరుపు మీద పెట్టొద్దు, దాని వైరే వాడండి, సొట్టపడ్డది పారేయండి, కంటి ముందుంచుకుని నిండగానే తీసేయండి అని. ఇన్ని తెలిసిన నేను దాన్ని నిద్రపోయే పిల్ల పక్కన దూదిలో దాచాను. ఎందుకో తెలుసా? నిప్పు కంటే నాకు మీరంటేనే ఎక్కువ భయం."

ఉగుల్‌ఖాన్ కట్టెపుల్ల పక్కన పడేసింది. ఆవిడ తడిసిన బొంత మీదే కూలబడింది. పిల్లని ఇమ్మన్నట్టు చేతులు చాచింది. మక్సత్ ఇచ్చాడు.

"పొగాకు తోటలుండేవి అప్పట్లో," అంది పిల్ల జుట్టు నిమురుతూ. "పొద్దస్తమానం ఆకు దారానికి గుచ్చడమే. నాకు ఏడో నెల. కళ్లు తిరిగేవి, రక్తం కనిపించింది. మా అత్తకి చెప్తే పనిదొంగ అంటుందని నోరు మూసుకుని గుచ్చాను. మక్సత్ కంటే ముందు ఒకడుండాల్సింది."

మక్సత్ తలెత్తి తల్లిని చూశాడు. ఈ మాట ఇన్నేళ్లలో అతడెప్పుడూ వినలేదు.

"మా అత్త చెడ్డదేం కాదు," అంది ఉగుల్‌ఖాన్. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "చెప్తే పడుకోబెట్టేదేమో. నేను అడగలేదు. ఆవిడ అడగనిచ్చేలా ఉండేది కాదు."

కుందుజ్ అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకుంది. ఆ చేతివేళ్లు ఆమె చేతిని బిగించి పట్టుకున్నాయి.

పిల్లని కుందుజ్ ఒళ్లో పెట్టి ఉగుల్‌ఖాన్ లేచింది. వంటింట్లోకి వెళ్లి పెద్ద ఇనప పళ్లెం ఒకటి తెచ్చి, కిటికీ రాతిగట్టు మీద ఠంగుమని పెట్టింది.

"ఇక మీదట చార్జింగ్ ఇక్కడే. నా కళ్లెదుట. నీదైనా, వాడిదైనా. పీల్చేది మాత్రం ఇద్దరూ గేటు బయట. అదేదో అమృతమనుకుని పీలుస్తున్నారు, దరిద్రపు పొగ!"

"మానేస్తానని మాటివ్వలేనత్తమ్మా," అంది కుందుజ్.

"నేనడిగానా?" అని కసిరింది ఉగుల్‌ఖాన్. తర్వాత కొడుకు వైపు తిరిగి, పళ్లెంతో పాటు తెచ్చిన కత్తెర అతడి చేతిలో పెట్టింది. "నాదేనన్నావుగా. కూర్చో. పెళ్లాంతో పాటు బొంత కుట్లు విప్పు."